రెప్పపాటులో దొరికిన ఆసుపత్రి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో తార్నాకలో ఉంటూ యూనివర్సిటీలో ఎంసీఏ చదివేదాన్ని. నగర పటంలో దగ్గరి ఆసుపత్రిని వెతికిపెట్టే ప్రాజెక్టు నాదీ, నా క్లాస్‌మేట్ మల్లేశ్‌దీ. డేటాబేస్ ప్రతిసారీ ఊరంతా గాలించకుండా పటాన్ని గళ్లుగా విడగొట్టి, కావాల్సిన గడిలోనే వెతికేలా చేశాం. నిమిషాల పని రెప్పపాటులో అయ్యేది.

వైవా రోజు బయట నినాదాలు హోరెత్తుతున్నాయి. అంత వేగాన్ని పరీక్షకుడు నమ్మలేదు.

"జవాబు ముందే రాసిపెట్టుకున్నరా?" అన్నారు.

"మీ ఇల్లు యాడున్నదో చెప్పుండ్రి సార్, గాడనే వెతుకుతది," అన్నాడు మల్లేశ్.

ఆయన మౌలాలిలో తన వీధి పేరు చెప్పారు. ఎంటర్ నొక్కగానే ఆసుపత్రి పేరొచ్చింది.

"అరె, మా పాప పుట్టింది గీడనే!" అని ఆయన నవ్వుతుండగానే బయట పోలీసులు వదిలిన బాష్పవాయువు గదిలోకొచ్చేసింది. ముగ్గురం కళ్లు మండిపోతుంటే బయటికి పరిగెత్తాం. మెట్ల మీద దగ్గుతూనే ఆయన, "పాసైన్రు, పోండ్రి," అన్నారు.

కన్నీళ్లు కారుతుండగా అంత హాయిగా నవ్వడం నా జీవితంలో అదొక్కసారే.