తూకానికి పోయిన మల్లేశు

రఘునాథపల్లిలో మా మరిది పెండ్లి. ఊరేగింపు ఇంటి ముందుకు రాగానే డప్పులు ఒక్కసారిగా మోగాయి. పక్కన నిలబడ్డ మా ఆయన నన్ను మెడ పట్టి నేలకు ఒత్తి, నా మీద బోర్లా పడ్డాడు. తాగాడనుకుని జనం నవ్వారు. ఆయన గుండె నా వీపు మీద దడదడ కొట్టుకుంటుంటే నాకు నవ్వు రాలేదు. తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది కాలేజీ మూతపడితే పట్టాళంలో చేరిన మనిషి. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎండాకాలం అది.

ఆ తర్వాత నిద్ర పోయింది, తిండి పోయింది. తలుపు గట్టిగా వేస్తే మంచం కిందికి దూరేవాడు. గాలి సోకిందంది మా అత్త. మంత్రగాణ్ని పిలిపించి, ఆ గాలి వదలాలని ఆయన చుట్టూ మళ్లీ డప్పులే కొట్టించారు! చెవులు మూసుకుని అరుస్తున్న మనిషిని చూపించి, "సూడుండ్రి, గాలి ఎట్ల ఒర్లుతున్నదో" అన్నారు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

వరంగల్‌లో ఒక డాక్టరు తలకు తీగలు పెట్టించాడు. "ఈఈజీ నార్మల్. రోగమేం లేదు, పని ఎగ్గొట్టడానికి వేషాలు" అన్నాడు. యుద్ధం చేసొచ్చినవాడికి నాగలి పట్టడం కష్టమని వేషం వేస్తాడా? రెండో డాక్టరు పట్టాళంలో పని చేసినవాడు. "ఇది షెల్ షాక్ అమ్మా, బాంబుల మోతకు మనసు బెదిరిపోవడం. ట్యాబ్లెట్లు నిద్ర వరకే. చేతులకు పని పెట్టు" అన్నాడు.

ఒకనాడు అరిగిన నాగలి కర్రు సాగగొట్టించడానికి ఆయన్ను వెంటబెట్టుకుని కమ్మరి కొలిమికి పోయాను. సుత్తి చప్పుడుకు పారిపోతాడని నా భయం. ఆయనేమో సుత్తి తానే అందుకున్నాడు. ఒక్క దెబ్బకూ ఉలిక్కిపడలేదు.

"భయమైతలేదా?" అని అడిగాను.

"దెబ్బ నాదే గదనే. ఎప్పుడు పడ్తదో నాకెరుకే."

అప్పటినుంచి విరిగిన కర్రులు, తెగిన సైకిల్ చైన్లు, బండిచక్రాల పట్టాలు మా కొట్టంలోకి చేరాయి. అక్కడే చిన్న కొలిమి పెట్టుకుని, వాటిని కాల్చి, వంచి, రివిట్లు కొట్టి మూరెడు ఎత్తు మనిషిని చేశాడు. గొంతుక్కూర్చుని, ముఖం దగ్గర రెండు చేతులూ దోసిలి పట్టిన మనిషి. ఎవరని నేను అడగలేదు. తానే చెప్పాడు.

"గీన మల్లేశు. మన ఘనపూర్ దిక్కు పిలగాడు. బీడీ ముట్టిచ్చుకుంటుండె. గప్పుడే పడ్డది బాంబు."

యుద్ధం సంగతి ఆయన నోట రావడం అదే మొదలు. ఆ రాత్రి కలవరింతలు లేకుండా నిద్రపోయాడు.

కొన్నాళ్లకు నేను పొలం నుంచి వచ్చేసరికి కొట్టం శుభ్రంగా ఊడ్చి ఉంది. మా బావ, అంటే ఆయన సొంత అన్న, ఇనుమంతా జనగామలో పాతసామాన్ల దుకాణానికి తూకానికి వేశాడు. మా ఆయన మళ్లీ మంచం కింద ఉన్నాడు.

"తుక్కే గదమ్మా" అన్నాడు బావ. "రేపటికి జీపు మాట్లాడిన. పట్నంల పిచ్చిదవాఖానల ఏసొద్దాం. కరెంటు పెడితే అన్నీ మర్శిపోతడు."

అప్పటిదాకా బావ ఎదుట నిలబడి మాట్లాడని దాన్ని. "మనిషిని అమ్ముకున్నవు బావా. గా జీపుల నిన్నే ఏసొస్త" అన్నాను.

బస్సెక్కి జనగామ పోయాను. తుక్కు కుప్పలో మల్లేశు దొరికాడు, చేతులు రెండూ విరిగి. "గిదేం జేస్కుంటవ్ అక్కా?" అన్నాడు దుకాణం వాడు. తూకం పైసలు వాడి చేతిలో పెట్టాను. ఒడిలో పెట్టుకుని తెచ్చి మంచం పక్కన నిలబెట్టాను.

పొద్దున జీపు వచ్చేసరికి మా ఆయన కొలిమి దగ్గర ఉన్నాడు. బావ పోయి పిలిచాడు.

"ఆగుండ్రి, చేతులు పెడ్తున్న" అన్నాడు, తల ఎత్తకుండానే.

డ్రైవరు నా వైపు చూశాడు. "వాపస్ పో" అన్నాను.

పదేళ్లు దాటాయి. పూర్తిగా నయమైందని అబద్ధం చెప్పను. దీపావళికి పటాకులు మొదలుకాకముందే బావి కాడికి వెళ్లిపోతాం. మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి పట్టాళంలో చేసినవాళ్లు ముగ్గురు నలుగురు తుక్కు తెచ్చుకుని మా కొట్టంలో సుత్తులు పడుతున్నారు. ఈ మధ్య పేపరాయన ఫోటో తీస్తానంటే మా బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. పక్కకు జరగమన్నాను.

ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే మందులు డాక్టరు చెప్పినట్టే వేయండి. నేను చెప్పేది ఒక్కటే. ఆయన చేతులతో చేసింది మీ కంటికి చెత్తలా కనబడినా, అడగకుండా తీసి పారేయకండి. అందులో ఎవరున్నారో మీకు తెలియదు.