మా అన్నను గుర్తుపట్టిన మల్లయ్య బాపు

బాన్సువాడ బస్టాండు పక్క చెప్పుల దుకాణం నుంచి నల్ల పాలిష్ వాసన వస్తే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పాత బూట్లు తుడుచుకునే మల్లయ్య బాపు గుర్తొస్తాడు. మా ఎదురిల్లే ఆయనది. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాడు. కొండల్లో చనిపోయిన జవాన్లను గుర్తుపట్టే పని ఆయనకే అప్పగించేవారట. ఆ సంగతులు మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

సైన్యంలో ఉన్న మా అన్న రమేశ్ మంచుచరియల కింద చిక్కుకుని చనిపోయాడు. జెండా కప్పిన పెట్టెను వాకిట్లో దించి, తెరవొద్దన్నాడు వెంట వచ్చిన అధికారి. అమ్మ ఏడవలేదు. గడపకు అడ్డంగా కూర్చుంది.

"మూసిన పెట్టె తెచ్చి నా కొడుకంటే ఎట్ల నమ్మాలె? గిండ్ల ఎవలున్నరో ఏమో!"

చుట్టాలు బతిమాలారు, కసిరారు. మల్లయ్య బాపు వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"చెల్లె, పిలగాని ఒంటి మీద గుర్తులేమున్నయో చెప్పు. నేను సూసొస్త."

"ఎడమకాలు చిటికెనవేలు పక్కవేలు మీదికెక్కి ఉంటది. చెరుకు కొట్టంగ కొడవలి తెగిన మచ్చ మడిమె మీద ఉంటది."

ఆయన అధికారితో హిందీలో చాలాసేపు మాట్లాడి ఒప్పించాడు. పెట్టెను తన ఇంట్లోకి మోయించి తలుపేసుకున్నాడు. బయటికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"మనోడే చెల్లె. ముఖం నేను సూసిన. నువ్వు సూడకు, నా మాటిను. కాళ్లు పట్టుకుందువు రా."

పాదాలు మాత్రం కనబడేలా బట్ట తీశాడు. అమ్మ కళ్లు మూసుకుని ఆ వేలిని తడిమింది. పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

తర్వాత అమ్మకు ఇంకో బాధ పట్టుకుంది. నిద్రలోనే పోయాడని వచ్చినవాళ్లంతా చెప్తుంటే ఆమె బాపునే అడిగింది. "పానం పోయేటప్పుడు నొప్పి తెలిసిందా అన్నా?"

"నేను గాడ లేను చెల్లె. తెల్వనిది చెప్ప. ఉన్నోన్ని పిలిపిస్త."

పట్టుబట్టి ఫోన్లు చేశాడు. సెలవు మీద వస్తూ అన్న స్నేహితుడొకడు మా ఇంటికి వచ్చాడు, మహారాష్ట్ర అబ్బాయి. అతని మాటల్ని బాపు ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పాడు. మంచు తవ్వి తీసినప్పుడు అన్నకు ఇంకా ఊపిరి ఉందట. నొప్పితో మూలిగాడట. తల తన ఒళ్లో పెట్టుకుని, చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాడట ఆ అబ్బాయి.  అమ్మ అతని చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"ఒక్కడే పోలేదు నా కొడుకు," అంది. లేచి వెళ్లి అన్నం వండి, దగ్గర కూర్చుని అతనికి వడ్డించింది.

ఆ తర్వాత పెద్ద కొడప్‌గల్ వైపు ఒక జవాను ఇంటికి చావు కబురు చెప్పడానికి వెళ్తూ బాపు నన్నూ తోడు రమ్మన్నాడు. ఆటోలో నాకు చెప్పింది కొంచెమే. "నిలబడి చెప్పకు బిడ్డా, ముందు కూసో. ఏడ్వొద్దని మాత్రం అనకు."

ఆయన పోయి కొన్నేళ్లైంది. నేనిప్పుడు దవాఖానలో నర్సును. మొన్న ఒక కూలీ చనిపోతే, వరండాలో ఉన్న అతని భార్య పక్కన నేల మీద కూర్చున్నాను. విషయం చెప్పాను. ఆమె ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చున్నాను.

చాలాసేపటికి అడిగింది. "నన్ను యాది చేసిండా అక్కా?"

అవునని చెప్పడం ఎంత సులువో!

"ఆయనకు మాట రాలేదు చెల్లె. చెయ్యి మాత్రం నేను పట్టుకునే ఉన్న," అన్నాను.

ఆమె నా చేతిని తీసుకుని చెంపకు ఆనించుకుంది.