భోజనం తర్వాత చెప్పే వార్త

మీరు తిన్నారు కదా? అయితే చెబుతాను. ఫోను ఎత్తగానే విషయం చెప్పకుండా "అన్నం తిన్నారా, ఏం కూర" అని ఎందుకు అడుగుతానని నిన్న చిన్నది విసుక్కుంది. ఇదే సంగతి ఇరవై ఏళ్ల కిందట యూనివర్సిటీలో ఒక మేష్టారూ అడిగారు. ఆయనకీ సరిగ్గా చెప్పలేకపోయాను.

అవును, మీ అమ్మమ్మ యూనివర్సిటీలో జర్నలిజం చదివింది. నవ్వకండి. అప్పుడే అందరూ నవ్వేశారు, మీ వంతు మిగల్లేదు. టెక్కలిలో గుమస్తాగా ఉన్న తాతయ్యకు పట్నం బదిలీ అయింది. మీ అమ్మ కాలేజీకి వెళ్లిపోతే పగలంతా ఇంట్లో నేనూ, నా పాత బీఏ సర్టిఫికెట్టూ. మా పుట్టింటి వైపు కవిటి బస్సు వేళకు రావడం లేదని పేపర్లకు ఉత్తరాలు రాసేదాన్ని. నాలుగు అచ్చయ్యేసరికి నాకు కొమ్ములొచ్చాయి. నలభై నాలుగేళ్ల వయసులో వెళ్లి, మీ అమ్మ ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. వాళ్లు నన్ను ఆంటీ అనేవారు. మేష్టారు హాజరు వేసేటప్పుడు కూడా "అమ్మా" అనేవారు.

మొదటి నెలలో ఆయన బోర్డు మీద కొన్ని వివరాలు రాసి, వార్తగా రాయమన్నారు. సాధన కోసం కల్పించినవే. సంతబొమ్మాళి వైపు తీరంలో పడవ తిరగబడింది, ఇద్దరు చనిపోయారు, ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. నేను మొదలుపెట్టాను. తెల్లారేసరికి సముద్రం నిమ్మళంగా ఉంది, వలలు సర్దుకున్నారు, చద్దన్నం తిన్నారు... రెండో పేజీ చివరికి గానీ ఆ ఇద్దరూ పోలేదు.

మేష్టారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు.

"అమ్మా, మీ పడవ బయల్దేరడానికే ఒక పేజీ పట్టింది. చావేదీ?"

"చివర్లో ఉంది సార్."

"ఎందుకూ?"

"చదివేవాళ్లు ఆపాటికి టిఫిను చేసేసి ఉంటారు కదండీ."

క్లాసు గొల్లుమంది. నేను వేళాకోళానికి అనలేదు. మా ఉద్దానంలో చావు కబురు తెచ్చిన మనిషి ఆ మాట ముందు చెప్పడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతాడు. జీడితోట పూత ఎలా ఉందో అడుగుతాడు. ఇంట్లోవాళ్లు తిన్నారో లేదో కనుక్కుంటాడు. తినకపోతే తినేదాకా ఆగుతాడు. విన్నాక ఆ పూట ఇక పొయ్యి వెలగదు కదా.

"ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలో రావాలమ్మా. చదివేవాడు అక్కడే ఆపేసినా విషయం అందాలి" అన్నారు మేష్టారు.

నాకు రోషం వచ్చింది. ఆ రోజు నుంచి అన్నీ మొదటి వాక్యంలోనే. తాతయ్య చెప్పులు విప్పకముందే "గ్యాసు అయిపోయింది, ఈ ఉదయం పదింటికి, వంట మధ్యలో" అని గుమ్మంలోనే అందించాను.

"మరి అన్నమో?" అన్నారాయన.

"అది మూడో పేరాలో వస్తుంది."

అలా నేను గొప్ప విలేకరినైపోయానని అనుకుంటున్న రోజుల్లోనే మా అన్నయ్య వచ్చాడు. కవిటి దగ్గర కొబ్బరితోట వాడిది. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాం. రిపోర్టులు వచ్చిన రోజు, చదువుకున్నదాన్నని డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నారు. ఇంటికి వెళ్లి బట్టలు తెచ్చుకుని వారంలోగా రావాలి, ఇక మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ ఉండాలి. ఉప్పు తగ్గించాలి, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు అసలే వద్దు.

వరండాలో ఓ మూల నిలబడి నోటుబుక్కు తీశాను. "అన్నయ్యా, నీ రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వచ్చే వారం నుంచి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి" అని రాశాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. మేష్టారు చూస్తే మెచ్చుకునేవారు. పుస్తకం మూసి వాడి దగ్గరికి వెళ్లాను.

"ఏటన్నాడే డాట్రు?"

"తిన్నావేటన్నియ్యా?" అన్నాను.

"పొద్దున్నుంచీ నీతోటే ఉన్నాను గదే. నువ్వు తిననిత్తే గదా!"

హోటలుకి తీసుకెళ్లాను. ఆకులో వేసిన అరటిపండు లాక్కుని నేను తినేశాను. ఆవకాయ కూడా నా ఆకులోకి తీసుకున్నాను. వాడు నావైపు వింతగా చూశాడు.

"బావ నీకు తిండెట్టడం లేదేటే?"

వాడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నేను తోట గురించి, ఆవు గురించి, కవిటి బస్సు గురించి మాట్లాడుతూనే ఉన్నాను. మూడోసారి కూడా అన్నం అడిగాడు. కొన్ని నెలలుగా గుప్పెడు మెతుకులు సయించని మనిషి. నాకేమో ఆనందం, పోనీలే, ఇంకాస్త టైము దొరికింది అని.

పలాస ప్యాసింజరు ఎక్కాం. కోటబొమ్మాళిలో ఉప్పు శనక్కాయలు కొన్నాడు. అవీ నేనే తినేశాను. పలాసలో దిగేసరికి ఆ వాక్యం నోటుబుక్కులో అలాగే ఉంది, నా పొట్ట మాత్రం పగిలిపోతోంది. బస్సులోనూ చెప్పలేదు.

ఇంటికి చేరగానే వదిన ఎండన పడి వచ్చామని లేత బొండాం చెక్కి అన్నయ్య చేతికిచ్చింది. వాడు పైకెత్తాడు.

"తాగొద్దు!" అని అరిచాను.

రెండేళ్ల చదువులో నేను చెప్పిన అతి చిన్న మొదటి వాక్యం అదే. బొండాన్ని మెల్లగా అరుగు మీద పెట్టాడు వాడు.

"సరే, ఇప్పుడు సెప్పు. నేనూ తినీసినాను, నువ్వూ తినీసినావు."

చెప్పాను. అన్నీ వెనక నుంచి ముందుకు వచ్చాయి. ముందు అరటిపండు, తర్వాత ఉప్పు, ఆ తర్వాత మిషను, ఆఖరికి కిడ్నీలు. వదిన చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

జర్నలిజం సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఏ పేపరూ రమ్మనలేదు, వాళ్ల తప్పేం లేదు. అన్నయ్య మా ఇంట్లోనే ఉండి వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లేవాడు. ఒకరోజు మిషను పక్కన కూర్చుని అడిగేశాను.

"ఆవేళ ఓటల్లో నీకు సంగతి తెలిసిపోయిందేటన్నియ్యా?"

కళ్లు మూసుకునే నవ్వాడు. "ఆ ఓటల్లో సాంబారు బాగుంటాదే. మరోపాలి ఎల్దాం."

వెళ్లలేదు. ఆ వానాకాలం వాడు ఊరు చూసొస్తానంటే మీ అమ్మ తోడు వెళ్లింది. మర్నాడు అక్కడి నుంచి ఫోను చేసి ముందుగా "తిన్నావా అమ్మా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. "తినేసి ఫోను చెయ్యి" అని పెట్టేసింది. కంచం ముందు కూర్చున్నాను గానీ, నాకు తెలిసిపోయింది.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు వాడు మూడోసారి అన్నం అడిగింది నిజంగా ఆకలేసేనా?