తాత పేరుకు ఎక్కిళ్లు

ఆ రోజులంటే మరీ పాతవేం కావు గానీ, సైన్యం గద్దెనెక్కి రంగూన్‌లో నెట్ ఆపేసిన రోజులు. ఏదైనా తెలియకపోతే తెలియనట్టే ఉండిపోవాల్సి వచ్చేది. అందుకేనేమో, అప్పుడు పుట్టినన్ని అనుమానాలు నాకు మళ్లీ పుట్టలేదు. చీకటి పడగానే సైన్యం మీద కోపంతో వీధి వీధంతా గిన్నెలు వాయించేది (మా ఇంట్లో సొట్ట లేని గిన్నె ఒక్కటీ మిగల్లేదు). పగలు నేను లమ్మడా పేటలో, చెక్క మీద అక్షరాలు చెక్కే కంప్యూటర్ మిషను దగ్గర పని నేర్చుకునేదాన్ని. దాని యజమాని బర్మా పెద్దమనిషి. అక్కడ పెద్దవాళ్ల పేరుకు ముందు ‘ఊ’ చేరుస్తారు కదా, మేం ఇంట్లో ఆయనకు ‘ఊ చెక్క’ అని పేరు పెట్టాం. ఆయన ‘ఊఁ’ అంటేనే నేను చెక్కాలి మరి.

మా తాతా, చిమిండైంగ్ బజార్లో ఆయన నడిపిన కొట్టూ పోయాక, దాని బల్ల నుంచి ఒకే ఒక్క టేకు పలక మిగిలింది. దాని మీద తాత పేరు తెలుగులో చెక్కించి గుమ్మానికి పెట్టాలని, చూపు పూర్తిగా మసకబారకముందే దాన్ని చదువుకోవాలని మామ్మ కోరిక. ఇంట్లో తెలుగు చదవగలిగింది ఆవిడొక్కతే. అయినా ‘నాకొచ్చులే’ అని పలక చంకన పెట్టుకుని బయల్దేరాను (నాకొచ్చిన తెలుగు చెవుల దాకానే వచ్చింది, కళ్లకు చేరలేదు).

తాత పేరు అప్పన్న అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ప్రోగ్రాము తెలుగులోకి మార్చింది. మిషను ప్రోగ్రాముకు ఒత్తులు తెలియవు, నాకూ అంతే. ఊళ్లో ఒత్తిడికి లోటు లేదు, దొరకనిది ఒత్తే. మొదటి ‘ప’ కింద ఒదిగి ఉండాల్సిన రెండో ‘ప’ పక్కకొచ్చి దర్జాగా కూర్చుంది, మొదటిదాని నెత్తిన పొల్లు లేచింది. ‘న’లదీ అదే వరస. పాతకాలపు రాత ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఊ చెక్క ‘ఊఁ’ అన్నారు. చెక్కే బిట్టు గిర్రున తిరుగుతూ పలకలోకి దిగింది. అంత గట్టి టేకు అంత మెత్తగా ఎలా తెగుతోందా అని గుడ్లప్పగించి చూశాను.

కరెంటు పోకముందే పని ముగిసింది. ఊ చెక్క పొట్టు ఊది, పొల్లు మీద వేలు పెట్టారు.

“తమీ,” అన్నారు (కూతురా అని), “ఇది మా అతత్‌లా ఉందే. అక్షరాన్ని చంపే గుర్తు. మీ తాతను ఆయన పేరులోనే రెండుసార్లు ఎందుకు చంపావు?”

వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నారు. పొల్లును వేలితో రుద్ది చూశాను. ఉన్నది ఒక్క పలక. పేరుకు పలకే గానీ, తడిగుడ్డతో తుడిచే పలక కాదు.

ఇంట్లో మామ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, కిటికీ వెలుగులో వేలు పెట్టి చదివింది. “అప్... పన్... న.” మళ్లీ మొదటి నుంచి చదివింది. “ఏటే గుంటా ఇది? మీ తాతకి ఎక్కిళ్లొచ్చినట్టున్నాయి.”

జరిగిందంతా చెప్పాను, చంపిన సంగతితో సహా. చిత్రిక పట్టించి మళ్లీ చెక్కిస్తానన్నాను. ఆవిడ పలకను నాకందకుండా గుండెకు ఆనించుకుంది.

“ఒద్దే. ఎవులైనా తలుసుకుంటేనే గదా ఎక్కిళ్లొస్తాయి. మనం తలుసుకున్నాం, ఆయనకొచ్చినాయి. ఉండనీ.”

ఇప్పుడు ప్రోగ్రాములు ఒత్తును బుద్ధిగా కిందికి దించుతున్నాయి. నేనూ చదవడం నేర్చుకున్నాను (మామ్మ దగ్గరే, ఆ పలక మీదే, అందుకే చాలాకాలం అమ్మను కూడా ‘అమ్... మ’ అని చదివాను). మొన్న నా తలుపుకు నా పేరు చెక్కుకున్నాను. అందులోనూ ఒక ఒత్తుంది. తెర మీద చక్కగా ఒదిగి కనిపించింది. కాసేపు చూసి, దాన్ని పైకి లాగి పక్కన కూర్చోబెట్టాను. ఈసారి తెలిసి చేసిన తప్పే. ఏమో, ఎవరైనా తలుచుకుంటారేమోనని.