మండీ వెనక సందు లైటు

1998 ఎండాకాలం నాటి సంగతి. అప్పుడు నేను చిత్తూరు మునిసిపాలిటీలో వీధిదీపాలు చూసుకునే వైర్‌మన్‌ని. కరెంటు పని అనగానే జనం మమ్మల్ని కరెంటు ఆఫీసు వాళ్ళనుకుంటారు. ఇళ్ళకు కరెంటు ఇచ్చేదీ, మీటరు చూసేదీ, బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేదీ వాళ్ళు. మా లోకం వేరే. వీధిలో లైటు వెలిగినంత కాలం మేమున్నట్టు ఎవరికీ తెలియదు. ఆరిపోతే గుర్తొస్తాం. పొద్దున్నే జనం ఆఫీసుకు వచ్చి ఫలానా వీధిలో లైటు లేదని చెప్పిపోతారు. నేనూ, మా హెల్పరు గోవిందయ్యా నిచ్చెనకు ముందొకరం, వెనకొకరం పట్టుకొని బయలుదేరతాం. గోవిందయ్య నాకంటే పెద్దవాడు. ఎంత ఎండలో అయినా దారిలో ఎవరో ఒకర్ని పలకరించకుండా నడవలేడు.

ఒకరోజు పొద్దున ఆఫీసులో గుమాస్తా బల్ల ముందర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. ఏదో చెప్పాలని చేతులు ఆడిస్తా ఉంది, నోట్లోంచి మాట రావడం లేదు. గుమాస్తా మంచివాడే. ఆమె పింఛను కోసం వచ్చిందనుకొని, "ఆ పక్క గదిలో అడుగమ్మా" అని చెయ్యి చూపించినాడు. ఆమె కాదని తల అడ్డంగా ఊపింది. చుట్టూ చూసి, పైన వెలుగుతా ఉన్న ట్యూబ్‌లైటు చూపించింది. తర్వాత పైటకొంగు తీసి కళ్ళమీద కప్పుకొని అట్లే నిలబడింది.

"లైటు పోయిందని చెప్తా ఉండాది అబ్బా" అన్నాడు గోవిందయ్య.

ఎక్కడని నేను చేత్తో అడిగినాను. ఆమె చెప్పే ప్రయత్నం మానేసి, రమ్మని సైగ చేసి ముందు నడిచింది. మేము నిచ్చెన ఎత్తుకొని వెనక నడిచినాము. ప్రతి మలుపులో ఆగి, మేము వస్తున్నామా లేదా అని తిరిగి చూసి మళ్ళీ నడిచేది.

మామిడి మండీ వెనక ఒక ఇరుకు సందు. ఒక పక్క నాలుగైదు పూరిళ్ళు, వాటికి కరెంటు లేదు. ఇంకో పక్క ఎవరిదో కొత్త మేడ లేస్తా ఉంది. మధ్యలో మా వాళ్ళు నాటిన ఇనుప స్తంభం, దానికి ఒక ట్యూబ్‌లైటు. స్తంభానికి ఎదురుగా ఉన్న ఇంటి ముందర ఒక ముసలామె చింతపండు కొట్టి గింజలు తీస్తా కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి చేతిలో కొట్టుడుకట్టె కింద పెట్టింది.

"వచ్చినారా నాయనా. నేను పోదామంటే మోకాళ్ళు రాలేదు. నువ్వు పోయి ఏం చెప్తావే అంటే వినకుండా పోయింది. పిలుచుకొనే వచ్చింది సూడు."

"నీ బిడ్డా అవ్వా?" అన్నాడు గోవిందయ్య.

"కోడలు. రాజేశ్వరి. వడమాలపేట కాడ పిల్ల. నా కొడుకు మునిరత్నానికీ పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు, మాట రాదు. ఇద్దురూ ఒకటే. చేతులతోనే మాట్లాడుకుంటారు. నేను చెంగమ్మని, నాకు మాత్రం నోరు ఎక్కువ."

గోవిందయ్య నిచ్చెన పట్టుకుంటే నేను పైకి ఎక్కినాను. ట్యూబ్‌లైటు వెలగలేదంటే మేము చూసేవి మూడు. ట్యూబు, దాన్ని మొదట మినుకు మినుకుమనిపించి వెలిగించే స్టార్టర్, కరెంటు ఎక్కువ పారకుండా అదుపులో పెట్టే చోక్. ట్యూబు బిగించే పట్టీ మూత తీయగానే తారు మాడిన వాసన వచ్చింది. చోక్ కాలిపోయింది. కొత్తది బిగించినాను. కానీ అది వెలిగేదీ లేనిదీ పగలు తెలియదు. వీధిదీపాలకు స్తంభాల మీద వేరే తీగ ఒకటి పోతుంది. స్ట్రీట్ లైట్ ఫేజ్ అంటాం. సాయంత్రం మా మనిషి పోయి స్విచ్ వేసేదాకా దాంట్లో కరెంటు రాదు.

కిందికి దిగి, మాపటికి వెలుగుతుందని చెంగమ్మకు చెప్పినాను. ఆమె కోడలికి చేత్తో చెప్పింది. రాజేశ్వరి నమ్మలేదు. నిచ్చెన కాలు పట్టుకొని పైకే చూస్తా నిలబడింది. లైటు వెలగకుండా మేము పోతామని ఆమె భయం.

"కోపం చేసుకోవద్దు నాయనా" అన్నది చెంగమ్మ. "ఈ లైటు పోయి నాలుగు దినాలాయ. ఇప్పుడు మామిడి సీజను. నా కొడుకు మండీలో కాయలకు చెక్క పెట్టెలు కొడతాడు. చీకటితో పోతాడు, చీకటి పడినాక వస్తాడు. వాళ్ళ మాటలన్నీ ఈ లైటు కిందనే. బుడ్డిదీపం కాడ యేం కనపడతాది? చేతులు కనపడితే మొకం కనపడదు. ఆ పిల్లకు సగం మాటలు మొకంలోనే ఉండాయి."

చీకట్లో వాళ్ళు మాట్లాడుకోలేరన్న సంగతి అంతవరకూ నా బుర్రకు తట్టలేదు. చీకటి పడితే మనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. వాళ్ళకు చీకటి పడితే మాటే ఉండదు.

చెంగమ్మ గొంతు తగ్గించింది. కోడలికి వినపడదని తెలిసినా తగ్గించింది.

"నిన్న మధ్యాన్నం వాడు ఒక్క నిముసం వచ్చి, ఎల్లుండి తెల్లారి దామలచెరువు మండీకి పోతా ఉండా, సీజను అయ్యేదాకా ఆడనే అని నిలబడుకొనే చెప్పి పోయినాడు. ఈ పిల్ల ఏమో చెప్పబోయింది. వాడు సూడలేదు. దీనికి కోపమొచ్చి మొకం తిప్పుకునింది. రాత్రి వాడొచ్చేసరికి లైటు లేదు. ఇద్దురూ చెరొక పక్క పడుకున్యారు. దీని మనసులో ఏముండాదో నాకూ చెప్పడం ల్యా. రేపు వాడు పోతాడు గదా నాయనా."

మేము ఇంకా మూడు వీధులు తిరగాల్సి ఉంది, తిరిగినాము. కానీ ఆ మధ్యాహ్నమంతా నా మనసు ఆ సందులోనే ఉండిపోయింది. సాయంత్రం డ్యూటీ అయినాక నిచ్చెన లోపల పెట్టబోతే గోవిందయ్య పెట్టనీయలేదు. "ఒకసారి ఆ పిల్ల లైటు చూసి పోదాం పా అబ్బా" అన్నాడు. నేను అడగాలనుకుంటున్న మాటే అది.

మేము చేరేసరికి చీకటి పడింది. పెద్ద రోడ్డు మీద లైట్లు వెలిగినాయి. సందులో మా ట్యూబు మాత్రం రెండు కొనలూ ఎర్రగా కనిపిస్తా మినుకుతా ఉంది, అంటుకోవడం లేదు. సాయంత్రాలు ఓల్టేజి పడిపోతుంది. అప్పుడు పాత స్టార్టర్లు ట్యూబును లేపలేవు. రాజేశ్వరి స్తంభం కిందనే నిలబడి ఉంది. మునిరత్నం అప్పుడే వచ్చినట్టున్నాడు, ఇంటి ముందర బండమీద తల వంచుకొని కూర్చున్నాడు. సన్నటి మనిషి, జుట్టంతా రంపంపొట్టు. పక్కనే బట్టల మూట కట్టి పెట్టి ఉంది.

నేను ఎక్కి కొత్త స్టార్టర్ తిప్పి పెట్టినాను. రెండుసార్లు మినికింది. తర్వాత సందంతా తెల్లగా అయింది.

నేను నిచ్చెన మీద ఉండగానే రాజేశ్వరి మొగుని ముందరికి పోయి చేతులు ఆడించడం మొదలుపెట్టింది. మునిరత్నం ఆమెను ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. మనకు వినబుద్ధి కాకపోతే చెవులు మూసుకుంటాం, ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె అరవలేదు, అరిచినా లాభం లేదు. ముందు వంగి గడ్డం పట్టుకొని ఆయన మొహం లైటు వైపు తిప్పింది. కళ్ళు తెరిచేదాకా చెయ్యి తీయలేదు.

కళ్ళు తెరిచినాడు.

ఈసారి ఆమె చేతులు నెమ్మదిగా కదిలినాయి. దూరంగా ఎక్కడికో చూపించింది, వద్దని ఊపింది. తర్వాత కుడి అరచెయ్యి కడుపు మీద పెట్టుకుంది. ఆ చెయ్యి తీసి, ఎడమ చేతి మీద వేసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఊపింది.

మునిరత్నం బండమీద నుంచి ముందుకు వంగినాడు. సరిగ్గా కనపడలేదేమో అన్నట్టు, మళ్ళీ చెప్పమని వేలు తిప్పినాడు. ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. మూడోసారికి ఆమెకు నవ్వు వచ్చి చేతులు సరిగా ఆడలేదు.

"నీళ్ళు పోసుకుండాది" అని చెంగమ్మ తనలో తాను అనుకుంది. గడప మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. "ముందు మొగునికి చెప్పాలని పెట్టుకునిందా. ఓ పిచ్చి పిల్లా."

మునిరత్నం లేచి నిలబడినాడు. చేతులతో ఏమేమో చెప్తా ఉన్నాడు, మధ్యలో తుడుచుకోవడానికి కళ్ళమీదికి చెయ్యి పోతా ఉంది. చెయ్యి కళ్ళమీదికి పోయినప్పుడల్లా మాట ఆగిపోతుంది గదా, ఆమె ఓపిగ్గా ఆ చెయ్యి కిందికి లాగుతా ఉంది. పక్కవాళ్ళ మాటలు చాటుగా వినకూడదని మనకు చిన్నప్పుడే చెప్తారు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు. అయినా నాకు తల తిప్పుకోవాలనిపించింది. నిచ్చెన దిగి గోవిందయ్య వైపు చూస్తే, ఆయన అప్పటికే గోడ వైపు తిరిగి బీడీ వెలిగించుకుంటా ఉన్నాడు.

మునిరత్నం దామలచెరువు పోలేదు. కూలి కొంచెం తక్కువైనా మన మండీలోనే ఉంటానని మేస్త్రీకి చెప్పుకున్నాడని తర్వాత చెంగమ్మ చెప్పింది. అప్పటినుంచి ఆ పక్క పని పడితే ఒకసారి తొంగి చూసి పోవడం మాకు అలవాటైంది. రాజేశ్వరి నన్ను చూస్తే చెయ్యి పైకెత్తి, ట్యూబును హోల్డర్లో తిప్పి బిగించినట్టు మణికట్టు తిప్పేది. అది ఏమని చెంగమ్మను అడిగితే, "అది నీ పేరు నాయనా. వాళ్ళు మనుసులకు అట్ల పేర్లు పెట్టుకుంటారు" అన్నది. మా అమ్మా నాయనా పెట్టిన పేరు ఎవరు పిలిచినా పలుకుతాను. ఆ పేరుకు మాత్రం ఎంత దూరాన ఉన్నా నవ్వు వచ్చేది.

వానాకాలంలో ఒక చిక్కు వచ్చింది. ఎదురుగా లేస్తున్న మేడ పూర్తయింది. ఇంటాయన కొడుక్కి కారు ఉంది, గేటుకు స్తంభం అడ్డం. సందు మొదట్లోకి జరపమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. మా ఇంజనీరు చూసి సరేనన్నాడు. ఎవరి తప్పూ లేదు. గేటుకు స్తంభం అడ్డమే. కానీ సందు మొదట్లో పెడితే వెలుతురు రాజేశ్వరి వాకిట్లోకి రాదు. ఆమెకు అప్పటికి ఏడో నెల.

పని మొదలుపెట్టే ముందర నేను ఆ ఇంటికి పోయినాను. ఆయన రిటైరైన బడి అయ్యవారు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చినాడు. ఎదురింటి వాళ్ళ సంగతి చెప్పినాను. ఆయన ఆలోచిస్తా ఉండగానే లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది.

"నేను రోజూ మిద్దె మీద నుంచి చూస్తా ఉంటాను" అన్నదామె. "సాయంత్రం బట్టలు తీసుకోను పోయి అట్లే నిలబడిపోతాను. మొన్న ఆ పిల్లోడు మండీలో మేస్త్రీ నడిచేది నడిచి చూపించినాడు. ఆ పిల్ల కడుపు పట్టుకొని నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ఆ స్తంభం పోతాదని నాకు తెలియదండీ."

అయ్యవారు భార్య వైపు తిరిగినాడు. "నాకు చెప్పలేదే" అన్నాడు.

"మీరు పేపరు చదువుకుంటా ఉంటారు కదా."

ఆయన లేచి నాతోపాటు వాకిట్లోకి వచ్చినాడు. గేటు దాటి, తన ప్రహరీ గోడ మూల దాకా నడిచి అక్కడ నిలబడినాడు. "ఇక్కడ నాటుకోండి. గోడ పునాది కొంచెం చెదిరితే నేను కట్టించుకుంటాను. ఇక్కడైతే వాళ్ళకు అందుతుందా?" అని అడిగినాడు. అందుతుందని చెప్పినాను. ఇంజనీరు కూడా అడ్డు చెప్పలేదు. స్తంభం పీకిన రోజే కొత్త గుంతలో నాటి, పొద్దు గూకేలోపల లైటు వెలిగించినాము.

చలికాలంలో రాజేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు చెవులు బాగా వినపడతాయి. మూడేళ్ళు వచ్చేసరికి నానమ్మతో నోటితోనూ, అమ్మా నాయనతో చేతులతోనూ మాట్లాడేది. కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేది. ఆ తర్వాత కొన్నాళ్ళకు నన్ను ఊరికి ఇంకో పక్క వార్డులకు మార్చినారు. వాళ్ళను చూడడం తగ్గిపోయింది.

అంతకు ముందు నా పని మనుషులు తడబడి పడకుండా, దొంగలు రాకుండా చూడటమే అనుకునేవాడిని. ఆ తర్వాత నాకొక అలవాటు వచ్చింది. లైటు లేదని ఎవరైనా చెప్పడానికి వస్తే, "ఆ లైటు కింద ఏం చేసుకుంటారమ్మా?" అని అడిగేవాడిని. ఒకామె పూలు కడతానంది. ఒకాయన కాళ్ళు లేని తమ్ముడిని కూర్చోబెడతానన్నాడు. కొందరు నన్ను వింతగా చూసేవాళ్ళు. అయినా అడిగేవాడిని. ఏ లైటు ముందు వేయాలో ఆ జవాబే చెప్పేది.

రిటైర్ అయ్యే ముందు సంవత్సరం ఒక పెద్దామె వచ్చింది. ఆమెనూ అదే అడిగినాను.

"నేనేమీ చేసుకోను నాయనా" అన్నది. "అరుగు మీద కూసుంటా. ఎదురింటామె ఆ పక్క అరుగు మీద కూసుంటాది. లైటు ఉంటే ఇద్దరం ఉండామని ఇద్దరికీ తెలుస్తాది."

ఆ రోజు మొదటి పని ఆమెదే చేసినాను.