ఇద్దరిదీ ఒకటే ఆట

ఆ ఫోను వచ్చినప్పుడు నేను మలేషియాలోని సుంగై సుమున్‌లో, మా నాన్న ఇంట్లో ఉన్నాను. తెలుక్ ఇంటాన్ పట్నంలో తెలుగువాళ్ల సంబరం జరగబోతోందట. నాన్న తన పాత హాలీవుడ్ డాన్సు చెయ్యాలని నిర్వాహకుడు అడిగాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నేను పుట్టకముందే ఆగిపోయిన ఆట అది. దాని గురించి వినడమే తప్ప చూసింది లేదు.

నాన్నవాళ్లు పనిచేసిన కొబ్బరితోటలో తెల్లగుడ్డ కట్టి సినిమాలు వేసే రోజుల్లో, బూట్లతో నేల మీద తాళం వేస్తూ ఆడే ఇద్దరు హాలీవుడ్ నటుల్ని చూసి నాన్నకీ ఆయన నేస్తానికీ పిచ్చెక్కింది. ఆ నేస్తాన్ని నేను మావయ్య అంటాను. ఇద్దరూ బూట్ల అడుగున సోడా మూతలు కొట్టుకుని, కొబ్బరి ఎండబెట్టే సిమెంటు కళ్లం మీద సాధన చేశారు. చుట్టుపక్కల తోటల్లో ఏ పండగైనా వాళ్ల ఆట ఉండాల్సిందే.

"ఆడు కూడా ఒస్తాడు కదా?" అని నాన్న ఫోనులో అడిగాడు.

"ఆయనకి పక్షవాతం కదా అంకుల్, నిలబడలేరు. మీరొక్కరూ చాలు."

"అయితే నాను రాను. ఇద్దరిదీ ఒకటే ఆట."

ఎందుకంత పంతమని నేను గొడవపడ్డాను. నాన్న నెమ్మదిగా చెప్పాడు. "ఆ తెర మీద ఇద్దరున్నారే, ఒకడికి కాలిరిగితే కంపెనీవోళ్లు రెండోవోణ్ని ఒంటరిగా ఆడమన్నారంట. ఆడు ఆడనేదు. సినిమా ఏసే ఆయన సెప్పినాడు. అది ఇని మేవిద్దరం సేతిలో సెయ్యేసుకున్నాం."

"అది నిజమో కాదో ఎవరికి తెలుసు నాన్నా?"

"మేం సెయ్యేసుకున్నది నిజమే కదా లా," అన్నాడు నాన్న, ఇక్కడందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి.

నాన్నని ఎక్కించుకుని మావయ్య దగ్గరికి కారు తీశాను.

హుటాన్ మెలింటాంగ్‌లో పడవలరేవు వెనక, కూతురింట్లో ఉంటున్నాడు మావయ్య. వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. విషయం వినగానే మొహం తిప్పేసుకున్నాడు. "ఏటి, నన్ను బొమ్మలాగ కూకోబెడతావా స్టేజీ మీద? నువ్వొక్కడివే ఆడు బావా. నాను సూస్తాను."

నాన్న వాదించలేదు. సంచీలోంచి బూట్లు తీసి తొడుక్కుని, ఆ వరండాలోనే మొదలుపెట్టాడు. కాసేపు బాగానే ఆడి, తిరిగే చోట తడబడ్డాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే తడబడ్డాడు. అప్పుడు మావయ్య ఎడమ మడమ, పక్షవాతం సోకని వైపుది, నేలని టక్కున తట్టింది.

"అక్కడ కాదు. మడమ ముందు. ఎన్నేళ్లయినా అదే తప్పు."

మడమ మళ్లీ తట్టింది. నాన్న కాళ్లు జవాబిచ్చాయి.

"ఒక్క కాలితో ఆట ఎలాగవద్ది లా?" అన్నాడు మావయ్య.

"నీదొకటి, నావి రెండు. మూడు కాళ్లు సాలవా?"

మావయ్య నవ్వాడు. జబ్బు చేశాక అంతగా నవ్వడం అదే మొదలని, ఆయన కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేమిద్దరం కాఫీ కొట్టుకి పరిగెత్తి, సోడా మూతలు అడిగి తెచ్చి మావయ్య ఎడమ బూటుకి కొట్టించాం. ఇద్దరూ వస్తారని నేను ఫోను చేస్తే, నిర్వాహకుడు కాస్త నసిగి సరేనన్నాడు.

అప్పట్నుంచి రోజూ ఆ వరండాలోనే సాధన చేశారు. సంబరం రోజు మధ్యాహ్నం, హాలు కిక్కిరిసి ఉంది. నాన్నే కుర్చీ నెట్టుకుంటూ వేదికెక్కాడు. హాస్యమనుకుని కొందరు నవ్వారు. మావయ్య మడమ తట్టగానే ఆ నవ్వు ఆగిపోయింది. మావయ్య ఒక ప్రశ్న వేస్తే నాన్న రెండు కాళ్లూ బదులు చెబుతున్నాయి. నా గుండె ఆ తాళంతోనే కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి మావయ్య వేగం పెంచాడు. సాధనలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. నాన్న కళ్లు పెద్దవి చేసి, అయినా ఆగకుండా ఆ కాలిని తరిమాడు. జనం లేచి నిలబడ్డారు. పక్కనున్న కాలేజీ అమ్మాయి, వీళ్లెవరని ఇక్కడి మా పిల్లలకి అలవాటైపోయిన తమిళంలో అడిగింది.

"మా నాన్న, మా మావయ్య," అన్నాను తెలుగులోనే. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరచేతులు మండుతున్నాయి.

ఆట అయ్యాక నాన్న రొప్పుతూ కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. మావయ్య బాగున్న చేతిని నాన్న చేతి మీద వేశాడు.

తిరుగు దారిలో వెనక సీట్లో ఒకటే పోట్లాట.

"ఆకర్న నువ్వు ఎనకబడిపోనావు."

"నువ్వు సెప్పకుండా ఉరికినావు బావా."

"సెప్పి ఉరికితే మజా ఏటుంటాది?"

వింటూ వింటూ మావయ్యని దింపాల్సిన హుటాన్ మెలింటాంగ్ మలుపు దాటిపోయాను. వాళ్లిద్దరూ గమనించనేలేదు.