గాజు ముక్కలూ కుళాయి నీళ్ళూ

మొన్న శనివారం ఇక్కడ మోరిస్‌విల్‌లో పక్కింటివారి గరాజ్‌లో, లావెండర్ పువ్వుల నుంచి అత్తరు తీసుకునే చిన్న బట్టీ ఒకటి చూశాను. చల్లార్చే నీళ్ళు ఎంత వేగంగా పారుతున్నాయో వాళ్ళకు ఫోన్‌లోనే కనబడుతుందట. ఇంటికొచ్చి పాత డైరీ తీశాను. అమెరికా వచ్చి ప్లెయిన్స్‌బరోలో కాపురం పెట్టిన మొదటి చలికాలంలో ఒక్క వారానికే నేను ఏడు పేజీలు రాశాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

మూలికల సారం తీసే చిన్న కంపెనీలో అప్పుడు నా ఉద్యోగం. వాడేసిన స్పిరిట్‌ను మళ్ళీ ఆవిరి చేసి, చల్లార్చి, శుద్ధి చేయాలి. ఇంటర్వ్యూలో వచ్చు అన్నాను. లెక్కలు నిజంగానే వచ్చు. కానీ మా కాలేజీలో గొట్టాలు బిగించి నీళ్ళు వదిలేది అటెండరు, మేము దూరంగా నిలబడి అంకెలు రాసుకునేవాళ్ళం. నా చేతుల తడబాటు చూసి అనుమానం వచ్చిందేమో, శుక్రవారం తన ముందు మొదటినుంచి చివరిదాకా నడిపి చూపమన్నాడు మేనేజరు. ఉద్యోగం పోతే వీసా పోయినట్టే, ఇన్సూరెన్సూ పోయినట్టే. మా ఆవిడకు ఏడో నెల.

పాత సామాన్ల దుకాణంలో ఆవిరి పైకెక్కే బోలు గాజు స్తంభం ఒకటి సంపాదించి అపార్ట్‌మెంట్ స్నానాల గదిలో నిలబెట్టాను. మందుల షాపు స్పిరిట్, కింద కరెంటు పొయ్యి, పైన కుళాయి నీళ్ళతో ఆవిరిని చల్లార్చే గొట్టం, తెరిచిన కిటికీ. స్పిరిట్ ఆవిరికి నిప్పంటుకుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. స్తంభం నిండా చిన్న చిన్న ముక్కలేవో కూరాలి. పైకెక్కే ఆవిరీ కిందికి జారే చుక్కలూ వాటి మీద ఒకదాన్నొకటి తాకుతూ శుద్ధి అవుతాయి. పైనున్న థర్మామీటర్ ఒకచోట నిలిస్తే పని కుదిరినట్టు. పిల్లలాడుకునే గోళీలు పోశాను. మూడు సాయంత్రాలు గడిచినా అది నిలవలేదు.

ముక్కలు ఇంకా సన్నగా ఉండాలేమో అన్నాను. మా ఆవిడ లోపలికి వెళ్ళి, సీమంతానికి వాళ్ళమ్మ పంపిన ఆకుపచ్చ గాజులు తెచ్చింది. కడుపుతో ఉన్న మనిషి గాజులు పగలగొట్టడమా అని నేను వెనక్కి జరిగాను.

“మీరు తాకద్దు. నా గాజులు నేనే కొట్టుకుంటా,” అని చేతికి రెండేసి మాత్రం ఉంచుకుని, తక్కినవన్నీ తువ్వాలులో చుట్టి పచ్చడిబండతో కొట్టింది.

గురువారం ఆ ముక్కలు పోసి చూశాను. అయినా నిలవలేదు. టబ్బు అంచున కూర్చుని ఏడ్చాను; ఆ సంగతి అప్పుడు డైరీలో రాయలేదు, ఇప్పుడే రాస్తున్నాను. ఆమె పైనున్న చల్లార్చే గొట్టం మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకుంది.

“ఇది ఇట్లా కాలతా ఉంటే ఆవిరి ఎట్లా చల్లారుతుందండీ? నీళ్ళేవీ?”

“వస్తున్నాయి కదా.”

“దారమంత వస్తున్నాయి! ఇది అనంతపురం కాదు సామీ, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టలేదిక్కడ. పోతే పోనీయండి నీళ్ళు!”

నిజమే, వాడిన నీళ్ళు వాడినట్టు కాలువలోకి పోతుంటే ప్రాణం ఒప్పక, నాకు తెలియకుండానే రోజూ కుళాయి బిగిస్తూ వచ్చాను. ఆమె పూర్తిగా తిప్పేసింది. కాసేపటికి థర్మామీటర్ నిలిచింది. గోళీలతోనే సరిపోయేదేమో అన్న మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆమె చేతులు చూసి మింగేశాను.

మర్నాడు మేనేజరు ముందు మొట్టమొదట కుళాయే తిప్పాను. ఉద్యోగం నిలిచింది. రెండు నెలలకు అమ్మాయి క్షేమంగా పుట్టింది.

ఇప్పుడు మాకు దేనికీ లోటు లేదు. ఆమె మోకాళ్ళ ఎక్స్‌రేకి అమ్మాయితో వెళ్ళివచ్చి, నాకు వారం తర్వాత చెబుతుంది. నా కంటిచూపు సంగతి నేనూ ఆమెకు పూర్తిగా చెప్పను. ఒకరినొకరు కంగారు పెట్టకూడదనే ఇద్దరి ఉద్దేశం. ఆ ఇరుకు స్నానాల గదిలో మాత్రం మా ఇద్దరికీ కలిపి ఒక్కటే భయం ఉండేది.